యుద్ధ పతకములు: రాజ్యము తీర్చవలసిన ఋణము

(అనంతపురమున ఒక పఠనాలయమునందు జరిగిన సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సాయంకాలము మాటాడుటకు నన్నాహ్వానించినప్పుడు విషయమును నేనే ఎన్నుకొనవచ్చునని కార్యదర్శిగారు సెలవిచ్చిరి. నేనెన్నుకొన్న విషయము మీలో కొందరికి మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. యుద్ధమునుండి మరలివచ్చిన సైనికుని రొమ్మున రాజ్యము తగిలించు లోహపు బిళ్లను గూర్చి నేను చెప్పదలచితిని. వానలు లేక వేరుసెనగ ఎండి, బోరుబావులలో నీరింకి, పడుచువాండ్రు బెంగుళూరికి వలసపోవుచుండగా ఈ బిళ్లల ప్రసంగమెందుకని మీరడుగవచ్చును. అడుగుట న్యాయమే. ఆ ప్రశ్నకు చివర సమాధానము చెప్పెదను.

పతకములన్నియు నొక జాతివి కావు. శౌర్యమునకిచ్చునవి కొన్ని. పరమవీర చక్రము, మహావీర చక్రము, వీర చక్రము 1950 జనవరి 26న స్థాపింపబడి, 1947 ఆగస్టు 15 నుండి వర్తించునట్లు చేయబడినవి. ఒక మనుష్యుడు ఒక ఘడియలో చేసిన సాహసమును చూచినవారు సాక్ష్యమిచ్చి, పైయధికారులు విమర్శించి నిర్ణయించిన పిమ్మటనే అవి లభించును. యుద్ధసేవకిచ్చునవి రెండవ జాతివి. ఫలానా యుద్ధమున, ఫలానా తేదీల నడుమ, ఫలానా ప్రాంతమున పనిచేసిన ప్రతివానికిని అవి చెందును. 1965 యుద్ధమునకు సమరసేవా నక్షత్రము, రక్షా పతకము. 1971 యుద్ధమునకు పూర్వీ నక్షత్రము, పశ్చిమీ నక్షత్రము, సంగ్రామ పతకము ఇట్టివి. మూడవ జాతివి కేవల స్మారకములు. స్వాతంత్ర్యము వచ్చి 25 ఏండ్లు నిండిన 1972లోను, 50 ఏండ్లు నిండిన 1997లోను, 75 ఏండ్లు నిండిన 2022లోను ఇచ్చినవి ఈ తెగకు చెందును. ఆ యేటి ఆగస్టు 15వ తేదీన కొలువులోనున్న సైనికుడు సిపాయి యైనను సేనాపతి యైనను వానికి హక్కుదారుడు.

శౌర్యపతకమునకు విచారణ కావలెను. తక్కిన రెండింటికిని కావలసినది పట్టిక. ఈ సంగతిని మనస్సున నుంచుకొనుడు. నా వాదమంతయు దీనిమీదనే నిలిచియున్నది. పట్టికలో పేరున్నచో పతకము వానిది. దానిని ఎవరును దయతలచి ఇచ్చుట లేదు. అతడెవరినో వేడుకొని తెచ్చుకొనవలసిన పనియు లేదు.

యుద్ధమున పడినవానిని గుర్తుంచుకొను విద్యను మనము తెల్లవారియొద్ద నేర్చుకొనలేదు. మన సీమలో పాత గ్రామములకు పోయి చూడుడు. చెఱువు కట్టమీదనో, ఊరి గవని చెంతనో, గుడి ముంగిటనో వీరగల్లు కానవచ్చును. మడకశిర ప్రాంతమున హేమావతి రాజధానిగా నొళంబులు ఏలిన నాటి శిలలును మన సీమలో గలవు. ఆ రాతిమీద క్రింది పలకలో పోరాటము, దానిపై వీరుని అప్సరసలు పైకి గొనిపోవుట, అన్నిటికిని పైన అతడు దేవుని సన్నిధినుండుట చెక్కియుందురు. అతడెప్పుడును మహారాజు కాడు. ఊరి ఆవులమందను దొంగలు తోలుకొనిపోవుచుండగా అడ్డుపడి చచ్చినవాడో, ఊరిమీదికి వచ్చిన దండునెదిర్చి కూలినవాడో అయియుండును.

నాటి ప్రభువులు రాతితో సరిపెట్టలేదు. చచ్చినవాని కుటుంబమునకు భూమినిచ్చెడివారు. కన్నడ శాసనములు దీనిని నెత్తరు కొడగె యనును. నెత్తురునకు బదులిచ్చిన మాన్యమని అర్థము. తెలుగున రక్తమాన్యమందురు. రాయి ఊరివారి కన్నులకు, మాన్యము ఇంటివారి కడుపులకు. ఈ రెండును కలిసినప్పుడే గౌరవము పూర్తియగునని మన పూర్వులెరుగుదురు. ఆ రాతికొరకు ఏ విధవరాలును కచేరీ చుట్టు తిరిగియుండదు.

తరువాతి కథ కుంపిణీవారిది. 1799లో శ్రీరంగపట్టణము కూలినది. టిప్పు సుల్తాను తన కోటలోనే పోరాడి మరణించెను. ఆ విజయమునకు కుంపిణీవారొక పతకమును ఇంగ్లండున పోయించి 1808లో పంచిరి. దానిమీద ఒక సింహము పులిని అణచుచున్నట్లు చెక్కబడినది. పులి టిప్పు చిహ్నమని మీరెరుగుదురు. చిత్రమందరికిని ఒకటియే, లోహము మాత్రము వేరు. పెద్ద సేనాపతులకు బంగారము, వారి క్రిందివారికి బంగారు పూత పెట్టిన వెండి, చిన్న దొరలకు వెండి, హవల్దారులవంటివారికి కంచు, సామాన్య సిపాయికి తగరము. ఒకే కోటగోడను ఎక్కినవారికి ఐదు లోహములు! గోడ కూలగొట్టిన గుండునకు హోదా తెలియదు గాని, పతకము పోసినవారికి తెలిసినది.

ఆ యుద్ధమునకు మన సీమకును గల సంబంధము మరువరానిది. టిప్పు క్రిందనుండిన ఈ ప్రాంతములు 1792, 1799 సంధులవలన నిజాముకు చేరినవి. నిజాము తన రక్షణకై ఉంచుకొనిన కుంపిణీ సైన్యపు ఖర్చునకు బదులుగా 1800లో వీనిని కుంపిణీకి వదలివేసెను. అందువలననే మనకు దత్తమండలములను పేరు వచ్చినది. 1928లో నంద్యాల సభయందు రాయలసీమ యను నామము వెలువడువరకును ఆ పేరే మనల నంటియుండెను. ఒక సైన్యపు జీతము క్రింద చెల్లింపబడిన భూమి మనది. సైనికునికి ఇయ్యవలసిన ఋణమును గూర్చి మాటాడుటకు మనకంటె తగినవారెవరు?

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1919లో బ్రిటిషు ప్రభుత్వము యుద్ధపతకమును స్థాపించినది. భారతదేశమునుండి పది లక్షలకు మించిన జనులు సముద్రముల కావలికి పోయిరి. తుపాకి పట్టినవానికి వెండి పతకము. కందకములు త్రవ్వి, సామగ్రి మోసి, బాటలు వేసిన కూలిదళములవారికి కంచు పతకము. భారతీయులు, చీనావారు, మాల్టా ద్వీపమువారు మున్నగు కూలిదళములకు ఈ కంచు పతకములు లక్షకు పైగా నీయబడినవి. గుండు తగిలినప్పుడు కారునది వెండివాని నెత్తురో కంచువాని నెత్తురో విడదీయుట ఎవరితరము? అయినను ఒక మేలు చెప్పవలెను. ఆ పతకముల అంచుపై పొందినవాని సంఖ్యయు పేరును దళమును అచ్చొత్తబడినవి. కంచుదైనను అది ఫలానావానిదని లోకమునకు చెప్పినది.

రెండవ ప్రపంచయుద్ధమున భారతసైన్యము 25 లక్షలకు పెరిగినది. వారిలో పెక్కుమంది యుద్ధము ముగియగానే ఇండ్లకు పంపబడిరి. పింఛనుకు కావలసినన్ని ఏండ్లు వారికి నిండలేదు. బర్మా నక్షత్రమో ఆఫ్రికా నక్షత్రమో రొమ్మున మెరయుచుండగా చేత కాసు లేనివారు ఊరూర నుండిరి. వారిలో మిగిలినవారికిని వారి విధవలకును పిమ్మట రాష్ట్రప్రభుత్వములు నెలనెల కొంత సాయము చేయ నారంభించినవి. నేతాజీ వెంట నడచి ఆజాద్ హింద్ ఫౌజులో పోరాడినవారి కథ మఱియు వేరు. వారికి పాత కొలువు పోయినది. స్వతంత్ర ప్రభుత్వమువారు 1972లో స్వాతంత్ర్యయోధుల పింఛను నేర్పరచువరకును వారిలో అనేకులు ఏ లెక్కలోను చేరక కాలము గడపిరి. ఆ యేడే స్వాతంత్ర్యయోధులకు తామ్రపత్రములు పంచిరి. పాతికేండ్లాలస్యముగా వచ్చిన ఆ రాగిరేకును అందుకొనుటకు ఎందరు మిగిలియుండిరో ఊహింపుడు.

1947 ఆగస్టు 15న కొలువులో నున్నవారికొరకు స్వాతంత్ర్య పతకమొకటి ఏర్పడినది. దాని పట్టీ మూడు రంగులది. ఒక ముఖమున అశోకచక్రము, ఆ చక్రముపైన ఇంగ్లండు రాజు కిరీటము. పోవువాడును వచ్చువాడును ఒకే బిళ్లమీద నిలిచిన విచిత్రదృశ్యమది. 1950లో గణతంత్రము వచ్చిన పిమ్మట కిరీటము పోయినది. దానితోపాటు లోహభేదమును పోయినది. మన స్మారకపతకములు సేనాపతికిని సిపాయికిని ఒకే మిశ్రలోహముతో, ఒకే పట్టీతో చేయబడుచున్నవి. తగరమునుండి ఈ సమత్వమునకు వచ్చుట గర్వింపదగిన ప్రయాణమే. నేనిపుడు చెప్పబోవు దోషములు ఈ గర్వమును తగ్గించుటకు కాదు, నిలుపుకొనుటకు.

మొదటి దోషము తేదీలో నున్నది. స్మారకపతకమునకు ప్రమాణము ఆ ఒక్క దినమున కొలువులోనుండుట. 1962లో మంచుకొండలలో నిలిచి, 1965లో రెండవమారు పోరాడి, 1971లో గడువు తీరి ఇంటికి వచ్చినవానికి 1972 పతకము లేదు. 1972లో క్రొత్తగా చేరి ఇంకను తుపాకి తుడుచుట నేర్చుకొనుచున్న బాలునకు గలదు. పట్టికను నిందింపరాదు; గీత ఎక్కడనో ఒకచోట గీయవలెను గదా. కాని ఇంటికి పోయినవానిని జ్ఞాపకముంచుకొనుటకు వేరొక మార్గముండవలెనను ఆలోచన ఆ గీత గీసినవారికి కలుగవలసియుండెను.

రెండవ దోషము జయాపజయములకు సంబంధించినది. 1965కును 1971కిని పేరుపెట్టి నక్షత్రములు వెలసినవి. 1962 యుద్ధమునకు అట్టి ప్రత్యేక నక్షత్రము లేదు. అప్పటివారు సైన్యసేవా పతకమునకు తగిలించు ప్రాంతపు పట్టీలతో తృప్తినొందవలసివచ్చినది. ఓటమికి బాధ్యుడు పత్తి బట్టలతో హిమాలయములకు పంపబడిన సిపాయియా? గెలిచిన యుద్ధమున కాలు పోగొట్టుకొన్నవానికిని ఓడిన యుద్ధమున కాలు పోగొట్టుకొన్నవానికిని మన ఊరిలో కట్టెకాలొకటియే.

మూడవ దోషము అన్నిటికంటె పెద్దది. అది మన కన్నులయెదుట జరుగుచున్నది. పతకము మనుష్యుని చేరుట లేదు. అది చేరవలసిన త్రోవ యిది. ముందు ప్రభుత్వము గెజెట్టున ప్రకటించును. దళములు అర్హుల పేళ్ల పట్టిక తయారుచేయును. రికార్డు ఆఫీసువారు ఆ పట్టికను సరిచూతురు. టంకశాలలో లోహము ముద్రింపబడును. అంచున పేరు చెక్కబడును. అప్పుడది పొందవలసినవాని చేతికి రావలెను. ఈ మెట్లలో ఏ ఒక్కటి ఆగినను మొత్తమాగును. ఏండ్లు గడచునప్పటికి వాడు కొలువు విడచి ఊరు చేరును. కొలువులో నున్నవారుసయితము తమకు మంజూరైన పతకముల నకళ్లను అంగళ్లలో కొని కవాతులకు ధరించుట సైన్యమునెరిగినవారికి క్రొత్త గాదు. కొలువులోనున్నవాని గతి అదియైనచో, కొలువు విడచి కళ్యాణదుర్గము అవతలి పల్లెలో గొఱ్ఱెలు కాచుకొనువాని గతి ఏమి?

ఇక్కడ నేను చూచినదొకటి చెప్పవలెను. కొన్నేండ్ల క్రిందట ఆ వైపు ఒక గ్రామమునకు పనిమీద పోతిని. ఒక వృద్ధుడు నన్ను పిలిచి, ఇంగ్లీషు చదువగలరా యని అడిగి, రేకుపెట్టె తెరచి ఒక కాగితము చేతికిచ్చెను. అతడు 1971లో పడమటి సరిహద్దున నుండినవాడు. ఆ కాగితము అప్పటికే మడతలలో చినిగియున్నది. దానియందున్న విషయము రెండే వాక్యములు: ఇతనికి రావలసిన పతకమొకటి ఇంకను ఇయ్యబడలేదు, డిశ్చార్జి పుస్తకపు నకలు జతచేసి దరఖాస్తు పంపుకొనవలెను. ఆ వాక్యములు అతని పెట్టెలో ఎన్నియో ఏండ్లుగా చదువనివై పడియుండెను. నేను చదివి చెప్పి, దరఖాస్తు వ్రాసిపెట్టెదనంటిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "అడిగి తెచ్చుకుంటే అది మెడలెట్లయితాది అయివారూ? సాయమయితాది గానీ" అనెను.

నేను వాదించితిని. అది నీ హక్కు గదా యంటిని. ఆయన నవ్వి, "హక్కయితే వాళ్లే పంపిచ్చుండాల గదా" అనెను. మహాశయులారా! ఇన్ని పుస్తకములు చదివిన నేను ఆ మాటకు బదులు చెప్పలేకపోతిని. రెండు నెలల పిమ్మట ఆయన కుమారుని ఒప్పించి దరఖాస్తు పంపించితిమి. పతకము వచ్చినది. అప్పటికి పెద్దాయన లేడు. అంచుమీద పేరు మాత్రము స్పష్టముగా నున్నది.

మన జిల్లా సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఏడాదికి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను కురియవలసిన నెలలో కురియదు. రెండు ఋతుపవనములకును మనము చాటుననున్నాము. ఇట్టి నేలలో పుట్టిన పదునెనిమిదేండ్ల బాలునకు సైన్యమనగా దేశభక్తియు, ఇంటికి నెలనెల చేరు మనియార్డరును. ఈ రెంటిని వేరుచేసి చూచుట పట్టణవాసులకు అలవాటు. పల్లెలో రెండును ఒకే చొక్కా లోపల నుండును. సైన్యమునకును ఈ నేల తెలియును. 1952 కరవున సైనికులు రాయలసీమకు వచ్చి ఎండిన బావులను లోతుచేసిరి. ఆ పనికి గుర్తు బావులలో ఊరిన నీరు.

మన సీమలోనే రాజ్యము మాజీ సైనికుని ఇంటికి నడచివచ్చిన దినమును గలదు. 1971 విజయమునకు 50 ఏండ్లు నిండు సందర్భమున 2020 డిసెంబరు 16న ఢిల్లీ యుద్ధస్మారకమున వెలిగించిన జ్యోతులను దేశమంతట త్రిప్పిరి. అందొకటి 2021 ఫిబ్రవరిలో తిరుపతికి వచ్చినది. 1971లో గూర్ఖా పటాలమును నడిపి మహావీర చక్రమును పొందిన మేజరు జనరలు చిత్తూరు వేణుగోపాలుగారి ఇంటికి అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డిగారు స్వయముగా పోయి, తొంబదియేండ్లు దాటిన ఆ వృద్ధవీరుని సన్మానించిరి. అది మిక్కిలి మెచ్చదగిన పని. ఎవరును ఆయనను దరఖాస్తు అడుగలేదు. నేను కోరునదంతయు ఇదియే: సేనాపతి ఇంటికి నడచిన ఆ జ్యోతికి సిపాయి యింటి దారియు తెలియవలెను.

ఇతర దేశములలో ఏమి చేయుచున్నారో చూతము. రష్యావారు జర్మనీపై గెలుపునకు 20 ఏండ్లు నిండిన 1965లో స్మారకపతకమును స్థాపించి, తరువాత వరుసగా వార్షికోత్సవములకు క్రొత్త పతకములు వెలువరించుచు 2025 వరకును వచ్చిరి. అవి కొలువులోనున్నవారికొరకు మాత్రమే గాక, ఆ యుద్ధమున పోరాడి బ్రతికియున్న వృద్ధులకొరకు చేయబడినవి. ఇందు ప్రభుత్వపు ఆడంబరము లేదని నేననను. కాని పదేండ్లకొకమారైనను ఎవరు బ్రతికియున్నారో లెక్క చూచుకొనక తప్పదు గదా. ఆ లెక్కయే లాభము. ఇంగ్లండువారి ఉదాహరణము దీనికి విరుద్ధము. రెండవ ప్రపంచయుద్ధమున మంచుసముద్రము మీదుగా రష్యాకు సామగ్రి చేర్చిన నావికులు తమకొక ప్రత్యేక నక్షత్రము కావలెనని దశాబ్దములు అడిగిరి. 2012లో, యుద్ధము ముగిసిన 67 ఏండ్లకు, ప్రభుత్వమొప్పుకొనెను. అప్పటికి నావికులలో అధికసంఖ్యాకులు గతించిరి. ధనిక రాజ్యమైనను ఆలస్యము చేసినచో ఫలితమదియే.

పతకము విలువ ఎంతయని సందేహించువారికి మన దేశపు సంగతియొకటి చెప్పెదను. ఒకే హోదాకు ఒకే పింఛను కావలెనని మాజీ సైనికులు ఆందోళనము చేసినప్పుడు, 2009లో వేలకొలది పతకములను మూటలు గట్టి రాష్ట్రపతికి తిరిగి పంపిరి. 2015 నవంబరులో ఢిల్లీలో మరల పతకములు వాపసుచేయ బూనిరి. ఆ యేడే ప్రభుత్వము ఆ పింఛనును ప్రకటించెను. ఆ బిళ్ల అంగడిలో అమ్మబోయినచో ఒక పూట భోజనమునకైనను వచ్చునో రాదో. అయినను రాజ్యముపై అలిగిన సైనికుడు తిరిగి ఇచ్చివేయుటకు తనయొద్ద అంతకంటె పెద్దవస్తువు లేదనుకొనెను. దానిని గాజుముక్కగా చూచువారు ఆ అలుకను అర్థము చేసికొనలేరు.

ఇపుడు పడుచువారి సంగతి. 2022లో వచ్చిన అగ్నిపథ పద్ధతి ననుసరించి చేరిన యువకులు నాలుగేండ్లు పనిచేయుదురు. వారిలో నాలుగవ వంతుకు మించి శాశ్వతముగా నిలువరు. వారికి పతకములు పొందు అర్హత గలదు. కాని ఆ నిబంధనల ప్రకారము నాలుగేండ్లతో తిరిగివచ్చినవానికి పింఛను లేదు, మాజీ సైనికుడను హోదాయు లేదు. అనగా రొమ్మున పతకముండును. దానిని పెట్టుకొన్నవానికి పేరుండదు. 2025 మే నెలలో జమ్మూ కాశ్మీరు సరిహద్దున పాకిస్తాను కాల్పులలో అసువులు బాసిన అగ్నివీరుడు మురళీ నాయక్ మన సీమవాడే. గోరంట్ల మండలపు కల్లితండా బిడ్డ. వాని కుటుంబమునకు రాష్ట్రప్రభుత్వము 50 లక్షల రూపాయలును ఐదెకరముల భూమియు ఇంటిస్థలమును ప్రకటించినది. మన పూర్వుల రక్తమాన్యమునకు ఇది నేటి రూపము, సంతోషింపదగినది. అయితే ప్రాణముతో తిరిగివచ్చువాడును ఆ సరిహద్దుననే నిలిచెను గదా! చచ్చినవానికి మాన్యము దొరకి, బ్రతికివచ్చినవానికి హోదాయైనను దొరకనిచో, అది ధర్మమేనా యని మీరే యోచింపుడు.

నాకు ఎదురుగా మూడు ఆక్షేపణలు రాగలవు. పతకము కడుపు నింపునా యని మొదటిది. నింపదు. అందుకే రాయియు మాన్యమును జంటగా నుండవలెననుచున్నాను. పతకమిచ్చి పింఛను ఎగవేయుట మోసము. పింఛనిచ్చి పతకము మరచుట అవమానము. పతకములు యుద్ధమును కీర్తించునని రెండవ ఆక్షేపణ. యుద్ధము రాకుండవలెనని కోరువారిలో నేనును ఒకడను. కాని యుద్ధమును నిర్ణయించువాడు సిపాయి కాడు. వానిని పంపినది మనము. మన ఓట్లతో నేర్పడిన ప్రభుత్వము. పంపినవారు పోయినవానిని మరచినచో, మరల పంపుట సులభమగును. ఎవరెక్కడ నిలిచిరో, ఎవరేమి పోగొట్టుకొనిరో ఊరూర తెలిసియున్న జాతియే యుద్ధమునకు తొందరపడకుండును. ఇవి కేంద్రప్రభుత్వపు పతకములు గదా, రాష్ట్రమునకును జిల్లాకును ఏమి పనియని మూడవ ఆక్షేపణ. పోయించువారు కేంద్రమువారే. కాని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయముల వ్యయమును కేంద్రమును రాష్ట్రమును పంచుకొనుచున్నవి. 2019నుండి మన రాష్ట్రమున గ్రామసచివాలయములు వెలసినవి. మనుష్యుడు ఎక్కడనున్నాడో ఢిల్లీకి తెలియకపోవచ్చును, సచివాలయమునకు తెలియును.

కావున నేను కోరునవి నాలుగు మాత్రమే.

మొదటిది. మండలమండలమునకును మాజీ సైనికుల పట్టిక తయారు కావలెను. ఎవరే యుద్ధమున నుండిరి, వారికే పతకములు రావలెను, ఏవి వచ్చినవి, ఏవి రాలేదు అనునది అందుండవలెను. డిశ్చార్జి పుస్తకపు పుటలను సచివాలయమువారే నకలుతీసి పంపవలెను. ముసలివారు కచేరీలకు తిరుగరాదు. 1971లో పదునెనిమిదేండ్లవాడైనను నేడు డెబ్బది దాటినవాడు. కాలమెంత మిగిలియున్నదో లెక్కించుకొనుడు.

రెండవది. వచ్చిన పతకము తపాలాలో పడవేయబడరాదు. ఆగస్టు 15ననో జనవరి 26ననో గ్రామసభ ఎదుట, ఆ ఊరి పిల్లలు చూచుచుండగా, అధికారి స్వయముగా ఈయవలెను. అతడు ఎప్పుడు ఎక్కడ పనిచేసెనో తెలుగులో చదువవలెను. పొందవలసినవాడు గతించినచో అతని భార్యకు అదే గౌరవముతో ఈయవలెను.

మూడవది. ఆ సభనాడే పింఛను చిక్కులు పరిష్కరించు ఏర్పాటుండవలెను. ఏటేట బ్రతికియున్నట్లు ధ్రువపత్రము నిచ్చుట, కంప్యూటరున పేరు సరిచూచుకొనుట మున్నగునవి పల్లెటూరి వృద్ధునకు కొండలెక్కుటవంటివి. మాన్యము రాయి ప్రక్కననే యుండవలెనని పెద్దలేర్పరచిన న్యాయము నిందును పాటింపవలెను.

నాలుగవది మనయందే యున్నది. దీనికి ఏ ప్రభుత్వపు ఉత్తరువును అక్కరలేదు. మన ఊళ్లనుండి సైన్యమునకు పోయినవారి పేళ్లను ప్రతి పాఠశాలలోను, ప్రతి పఠనాలయములోను ఒక పలకమీద వ్రాయింతము. హోదా వ్రాయనక్కరలేదు. పేరు, ఊరు, పనిచేసిన యేండ్లు చాలును. గెలిచిన యుద్ధమా ఓడిన యుద్ధమా యను భేదము వలదు. తుపాకి పట్టినవాడా వంటచేసినవాడా యను భేదమును వలదు.

కరవునాట బిళ్లల ప్రసంగమెందుకని మొదట మీ పక్షమున నేనే ప్రశ్నించుకొంటిని. కరవుసీమలో ప్రజకు ప్రభుత్వముతో గల సంబంధమంతయు దరఖాస్తుగా మారిపోయినది. పంట పోయిన దరఖాస్తు, బీమా దరఖాస్తు, బోరు దరఖాస్తు, ఇంటి దరఖాస్తు. ఇవన్నియు ప్రజలు ప్రభుత్వమునకు ఋణపడినట్లు కనబడు కాగితములు. రాజ్యమే ప్రజకు ఋణపడినట్లు ఒప్పుకొని, ఆ ఒప్పుకోలును లోహమున ముద్రించి, అంచున ఒక రైతుబిడ్డ పేరు చెక్కించు వస్తువు ఈ యుద్ధపతకమొక్కటి. దానినిసయితము దరఖాస్తు క్రిందికి దింపినచో, ఇక ఈ నేలలో ఎవడును రాజ్యమునెదుట తలయెత్తి నిలువలేడు. కళ్యాణదుర్గము వైపు పెద్దాయన నాతో చెప్పినదిదియే. ఆయన మాట బ్రతికియున్నవారి విషయమునందైనను చెల్లునట్లు చేయుదము.

ఈ సభ ముగిసిన పిమ్మట కార్యదర్శిగారు ఆ బల్లమీద ఒక తెల్లకాగితపు పుస్తకము నుంచెదరు. మీ వీధిలోనో మీ స్వగ్రామములోనో మీరెరిగిన మాజీ సైనికుల పేళ్లను, ఊళ్లను అందు వ్రాసిపొండు. పట్టిక అక్కడ మొదలగును.